గోదావరి డెల్టాకు ఒక సీతాకోకచిలుక కొత్తగా వచ్చిందని ఎప్పుడు చెప్పగలం?

టానీ కోస్టర్ అనే చిన్న సీతాకోకచిలుక మన పల్లెల్లో అరుదైనదేమీ కాదు. నారింజ రంగు రెక్కలు, వాటి మీద నల్లని చుక్కలు, వెనక రెక్కల అంచున నల్లని పట్టీ, ఆ పట్టీలో తెల్లని బొట్ల వరుస. ఖాళీ స్థలాల్లో, కంచెల వెంబడి మోకాలెత్తున తాపీగా ఎగురుతూ ఉంటుంది. భారతదేశం, శ్రీలంక దీని సొంత నేల. అలాంటిది 1984లో థాయిలాండ్‌లో నమోదైంది. 1992లో మలేసియాలో, 2006లో సింగపూర్‌లో కనిపించింది. 2012 నాటికి సముద్రాలు దాటి ఆస్ట్రేలియా ఉత్తర తీరాన డార్విన్ పరిసరాలకు చేరింది.

దీని గొంగళిపురుగు తినే మొక్కల్లో ముఖ్యమైనది జుమికి తీగ. కాయ చుట్టూ పచ్చని వలలాంటి తొడుగు ఉంటుంది, పండితే పిల్లలు కోసుకుని తింటారు. ఆ తీగ ఉష్ణమండల అమెరికా నుంచి వచ్చింది. అడవి కొట్టేసిన చోట, బీడు పడిన చోట, రోడ్డు పక్కన అల్లుకుపోతుంది. అంతకుముందు రత్నపురుష వంటి మొక్కల మీద పెరిగిన గొంగళిపురుగుకు ఆ పరాయి తీగ కూడా సరిపోయింది. తీగ ఎక్కడెక్కడ అల్లుకుని ఉందో అక్కడల్లా సీతాకోకచిలుక నిలదొక్కుకోగలిగింది.

ఈ ప్రయాణాన్ని సంవత్సరాలతో సహా చెప్పగలుగుతున్నామంటే, సింగపూర్‌లోనూ ఆస్ట్రేలియాలోనూ అంతకుముందు ఏయే రకాలు ఉండేవో రాసిపెట్టిన జాబితాలు ఉండటమే కారణం. ‘మొన్నటిదాకా లేదు, ఇప్పుడు ఉంది’ అనాలంటే మొన్నటి లెక్క చేతిలో ఉండాలి. మన దేశంలో 1300కు పైగా సీతాకోకచిలుక జాతులు ఉన్నాయి. పాత తరం పరిశీలకుల చూపు ఎక్కువగా హిమాలయాల మీద, పడమటి కనుమల మీద, నీలగిరుల మీద ఉండేది. వరిచేలు, కొబ్బరితోటలు నిండిన డెల్టా వారిని అంతగా ఆకర్షించలేదు. అందుకే ఇక్కడ ‘కొత్తగా వచ్చింది’, ‘మాయమైంది’ అనే మాటలను ఆచితూచి వాడాలి. ఆ మాట అనే ముందు తేల్చుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి: అది నిజంగా మనం అనుకున్న జాతేనా, ఇక్కడ గుడ్లు పెట్టి పెరుగుతోందా, ఇంతకుముందు ఎవరైనా వెతికారా.

ఎవరో ముందు తేలాలి

కాలువ గట్టు మీద జిల్లేడు పొద ఉంటే దాని చుట్టూ ప్లెయిన్ టైగర్ తిరుగుతూ కనిపిస్తుంది. ఇటుక నారింజ రంగు, ముందు రెక్క కొస నలుపు, ఆ నలుపులో అడ్డంగా తెల్లని పట్టీ. జిల్లేడు ఆకులను ఒక్కొక్కటిగా తిప్పి చూస్తే దీని సంసారమంతా అక్కడే ఉంటుంది. ఆకు అడుగున ఒంటరిగా అతికించిన తెల్లని గుడ్డు. తెలుపు, నలుపు, పసుపు పట్టీలతో, వీపు మీద మూడు జతల నల్లని కొమ్ముల్లాంటి పోగులతో గొంగళిపురుగు. కాస్త ఎడంగా, తలకిందులుగా వేలాడే లేతాకుపచ్చ ప్యూపా. ఒక్కోసారి అది గులాబీ ఛాయలో కూడా ఉంటుంది. ఎండపడితే దాని మీది బంగారు చుక్కలు మెరుస్తాయి. జిల్లేడు పాలలో గుండె మీద పనిచేసే విషపదార్థాలు ఉంటాయి. గొంగళిపురుగు వాటిని ఒంట్లో దాచుకుంటుంది, రెక్కలు వచ్చాక కూడా ఆ విషం ఉంటుంది. ఒకసారి రుచి చూసిన పిట్ట మళ్లీ ఆ రంగు జోలికి పోదు.

ఆ భయాన్ని వాడుకునే మరో జాతి ఉంది. డానాయిడ్ ఎగ్‌ఫ్లై ఆడది అచ్చంగా ప్లెయిన్ టైగర్‌లా ఉంటుంది. దానిలో విషం లేదు, గుడ్లు పెట్టేది గంగపాయల కూర మీద. మగదాన్ని చూస్తే వీరిద్దరూ ఒక జాతి అని ఎవరూ నమ్మరు: నల్లని రెక్కల మీద పెద్ద తెల్లని మచ్చలు, వాటి చుట్టూ ఊదారంగు మెరుపు. ఆడదాన్ని గుర్తుపట్టాల్సింది వెనక రెక్కను బట్టి. ప్లెయిన్ టైగర్ వెనక రెక్క మధ్యలో మూడు నల్లని చుక్కలుంటాయి, మగదైతే నాలుగు. ఎగ్‌ఫ్లైకి మధ్యలో ఏమీ ఉండదు, రెక్క పై అంచున ఒక్క మచ్చే ఉంటుంది. దూరం నుంచి తీసిన మసక ఫోటోలో ఈ తేడా కనిపించదు. అప్పుడు దాన్ని రెండింటిలో ఏదో ఒక పేరుతో రాయడం కంటే ‘తేల్చలేదు’ అని రాయడమే మేలు.

కొబ్బరితోటలో అయితే ఇంకొకటి కలుస్తుంది. కామన్ పామ్‌ఫ్లై గొంగళిపురుగు కొబ్బరి, ఈత వంటి తాళజాతి చెట్ల ఆకులు తింటుంది. దాని ఆడది స్ట్రైప్డ్ టైగర్ అనే మరో సీతాకోకచిలుక వేషం వేస్తుంది. తోట నీడలో తక్కువ ఎత్తున ఎగిరి, వాలగానే రెక్కలు మూసేసే ‘టైగర్’ కనిపిస్తే ఒకసారి అనుమానించాలి.

ఇంటి పెరట్లో కరివేపాకు చెట్టు చాలు, కామన్ మార్మన్ వస్తుంది. మగదానికి వెనక రెక్క మీద తెల్లని మచ్చల పట్టీ ఉంటుంది. ఆడవాటిలో మూడు రూపాలు. ఒకటి మగదానిలాగే ఉంటుంది, రెండోది కామన్ రోజ్‌ను, మూడోది క్రిమ్సన్ రోజ్‌ను అనుకరిస్తాయి. రోజ్‌లు విషపూరితం, మార్మన్‌లు కావు. ఇన్ని రూపాలనూ డబుల్‌సెక్స్ అనే ఒకే జన్యువు నడిపిస్తుందని 2014లో పరిశోధకులు తేల్చారు. మనకు కావలసిన గుర్తు మాత్రం చాలా సులువు: ఒంటి రంగు. రోజ్‌ల ఒంటి మీద ఎరుపు స్పష్టంగా ఉంటుంది, మార్మన్ ఒళ్లు నలుపు. ఈ ఒక్క గుర్తు చూడకుండా రాసిన జాబితాల వల్ల జరిగే నష్టం చిన్నది కాదు. క్రిమ్సన్ రోజ్ తగ్గిపోతున్న చోట మార్మన్‌లను క్రిమ్సన్ రోజ్‌లుగా లెక్కవేస్తే, తగ్గుదల కాగితం మీద కనపడదు.

రుతువు కూడా రూపం మారుస్తుంది. సాయంత్రం దీపాల వెలుగుకు ఇంట్లోకి వచ్చే గోధుమరంగు ఈవెనింగ్ బ్రౌన్ వానాకాలంలో రెక్కల కింద కళ్లలాంటి గుండ్రని మచ్చలతో ఉంటుంది. ఎండాకాలం తరానికి ఆ కళ్లు దాదాపు మాయమై, ఎండుటాకు ముక్కలా అవుతుంది. పీకాక్ పాన్సీ కూడా అంతే. సార్వా రోజుల్లో ఒకటి, దాళ్వా కోతలప్పుడు ఒకటి చూసిన కొత్తవారు వాటిని రెండు జాతులుగా రాయడం మామూలే.

గడ్డిలో ఎగిరే గోరంత నీలి రకాలను పైనుంచి చూసి పేరు పెట్టడం కుదరదు. పేల్ గ్రాస్ బ్లూకు ముందు రెక్క అడుగుభాగాన, రెక్క మధ్య ఈనెల నడుమ ఉండే గడిలో ఒక చుక్క ఉంటుంది, లెస్సర్ గ్రాస్ బ్లూకు ఉండదు. పసుపు రకాల్లోనూ ఇదే తంతు. కామన్ గ్రాస్ యెల్లోకు ఆ గడిలో రెండు గుర్తులు, త్రీ స్పాట్ గ్రాస్ యెల్లోకు మూడు. అందుకని రెక్కలు విప్పినప్పుడు ఒక ఫోటో, మూసినప్పుడు ఒకటి, వాలిన మొక్కది ఒకటి తీసుకోవాలి. పట్టుకోవాల్సిన పని లేదు.

డెల్టాలో పటం గీసేది మొక్కలే

వాతావరణం వేడెక్కుతుంటే జీవులు చల్లని వైపు జరుగుతాయన్నది ఇప్పుడు అందరికీ తెలిసిన మాట. యూరప్‌లో వలస వెళ్లని 35 జాతుల సీతాకోకచిలుకలను పరిశీలించి 1999లో ప్రచురించిన అధ్యయనం, వాటిలో 63 శాతం ఇరవయ్యో శతాబ్దంలో 35 నుంచి 240 కిలోమీటర్ల మేర ఉత్తరానికి జరిగాయని చూపింది. ఆ చిత్రాన్ని యథాతథంగా మన డెల్టాకు తగిలించకూడదు. ధవళేశ్వరం దగ్గర గోదావరి పాయలుగా చీలిన చోటి నుంచి సముద్రం దాకా నేల బల్లపరుపు. చల్లదనం కోసం ఎక్కడానికి కొండ లేదు, అటు తూర్పున సముద్రం. వేడి ప్రభావం లేదని నేను అనడం లేదు. ఇక్కడ ఏదైనా జాతి రాకపోకలకు కారణం వెతికేటప్పుడు మొదట అడగాల్సింది దాని గొంగళిపురుగు తినే మొక్క ఏమైందనే అంటున్నాను.

సీతాకోకచిలుక చాలా రకాల పువ్వుల మీద తేనె తాగుతుంది. గొంగళిపురుగుకు మాత్రం ఆ స్వేచ్ఛ లేదు, చాలా జాతులకు రెండు మూడు మొక్కలే గతి. డెల్టాలో ఆ మొక్కలు ఎక్కడ ఉండాలో నిర్ణయించేది మనిషి. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయి కాలువలు పారిన దగ్గర్నుంచి ఇక్కడి నేల వరిది, కొబ్బరిది, అరటిది. వరి, గడ్డి తినే ఈవెనింగ్ బ్రౌన్‌కూ, స్విఫ్ట్ అనే చిన్న సీతాకోకచిలుక రకాలకూ అది కలిసొచ్చింది. కొబ్బరి పామ్‌ఫ్లైకి కలిసొచ్చింది. నిమ్మ, నారింజ జాతి తోటలు లైమ్ బటర్‌ఫ్లైని ఎక్కడికైనా తీసుకుపోగలవు. ఈ ఆసియా జాతి 2004లో కరీబియన్ దీవుల్లోని డొమినికన్ రిపబ్లిక్‌లో బయటపడింది. వీధుల్లో, బడుల్లో వరుసగా నాటే అశోక చెట్టు, అంటే నరమామిడి, టెయిల్డ్ జే అనే పచ్చమచ్చల సీతాకోకచిలుకకు ఆహారం. సీతాఫలం చెట్టూ అంతే. ఊళ్లో టెయిల్డ్ జే ఎక్కువైందంటే అడవి ఊరికి దగ్గరైందని కాదు, ఎవరో చెట్లు నాటారని.

కడియం, కడియపులంక నర్సరీల సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. అక్కడి నుంచి మొక్కలు లారీల్లో దేశమంతటా వెళ్తాయి. మట్టితో, ఆకుతో, కొమ్మతో పాటు ఆకుకు అంటుకున్న గుడ్డు, గొంగళిపురుగు, ప్యూపా కూడా వెళ్లే వీలుంది. ఇది ఊహ కాదనడానికి ప్లెయిన్స్ క్యూపిడ్ సాక్ష్యం. అలంకరణకు పెంచే సైకస్ మొక్కకు ఏడాదిలో ఒకటి రెండుసార్లు లేత ఆకులన్నీ ఒకేసారి విచ్చుకుంటాయి. ఆ లేతాకుల మీద ఈ నీలి సీతాకోకచిలుక గుడ్లు పెడుతుంది. గొంగళిపురుగులు తీపి ద్రవం ఇస్తాయి, అది తాగే చీమలు వాటికి కాపలా కాస్తాయి. నాలుగు రోజుల్లో ఆ చిగురంతా ఈనెలుగా మిగులుతుంది. దక్షిణ, ఆగ్నేయాసియాకు చెందిన ఈ జాతి అలంకరణ సైకస్ వ్యాపారం వెంట మారిషస్, మడగాస్కర్, ఈజిప్టు, అరబ్ ఎమిరేట్స్ దాకా వెళ్లింది. తైవాన్‌లో అక్కడి స్థానిక సైకస్‌కు ముప్పుగా మారింది. మన తిరుమల కొండల్లోనూ ప్రపంచంలో మరెక్కడా లేని సైకస్ జాతి ఒకటి ఉంది. కాబట్టి నర్సరీలో చిగురు తిన్న సైకస్ కనిపిస్తే అది మొక్క ధర తగ్గించే లోపం మాత్రమే కాదు, నమోదు చేయదగిన సమాచారం. దేశంలో ఎక్కడో ఒక తోటలో ఒక జాతి కొత్తగా కనిపిస్తే, అక్కడి మొక్కలు ఏ నర్సరీవో అడగడం కూడా ఇప్పుడు పరిశోధనలో భాగమే.

పోయేవాటి కథ ఇంత కళ్లకు కట్టినట్టు కనపడదు. రోజ్‌ల గొంగళిపురుగులకు ఈశ్వరి తీగ, గాడిదగడపాకు కావాలి. గాడిదగడపాకు నేల మీద పాకే మొక్క, చేలగట్ల మీద, మెట్టపొలాల్లో ఉంటుంది. కలుపుమందు కొట్టి గట్టు నున్నగా చేసిన చోట ముందు పోయేది అదే. పీకాక్ పాన్సీకి గుంటల ఒడ్డున పెరిగే ముళ్ల నీరుగొబ్బి, తడినేల మీద పాకే బొక్కెనాకు కావాలి. 1990ల నుంచి వరిచేలు చేపల చెరువులుగా, రొయ్యల చెరువులుగా మారిన ప్రాంతాల్లో గట్లు మొక్క లేకుండా చెక్కి ఉంచుతారు, ఉప్పు తగిలిన మట్టిలో మునుపటి గడ్డీగాదం మొలవదు. చెరువు నీళ్లలోని ప్రాణవాయువును రోజూ కొలుస్తారు. గట్టు మీద ఏం మొలిచేదో రాసుకున్నవారు లేరు. నన్ను బాగా కలవరపెట్టేది ఇదే. మొక్క ఎప్పుడు పోయిందో తెలియకపోతే, సీతాకోకచిలుక ఎందుకు పోయిందో చెప్పలేం.

వలస వచ్చేవాటిని ఈ లెక్కలో కలపకూడదు. బ్లూ టైగర్, డార్క్ బ్లూ టైగర్, కామన్ క్రో వంటివి నైరుతి రుతుపవనాలకు ముందు పడమటి కనుమల నుంచి తూర్పు మైదానాల వైపు, మళ్లీ వానలు తగ్గాక వెనక్కి గుంపులుగా కదులుతాయని దక్షిణ భారతమంతటా గమనించారు. వీటి మగవాటికి ఆడవాటిని ఆకర్షించే వాసన తయారు చేసుకోవడానికి ఆల్కలాయిడ్లు అనే కొన్ని మొక్కల రసాయనాలు కావాలి. అవి జనుము, గిలిగిచ్చ మొక్కల్లో దొరుకుతాయి. వాడిన కాడను, ఆకును గీరి ఆ రసం పీలుస్తాయి. డెల్టాలో వరి తర్వాత పశువుల మేతకూ, పచ్చిరొట్టకూ జనుము చల్లుతారు. ఒక ఏడాది ఆ చేలో వందల నీలి రెక్కలు కనిపించి, మరుసటి ఏడాది అక్కడ మినుము వేస్తే ఒక్కటీ కనిపించకపోవచ్చు. దాన్ని చూసి బ్లూ టైగర్ తగ్గిపోయిందనడం తప్పు.

పటం మీది చుక్క ఎంత నిజం?

ఫోన్లలో మంచి కెమెరాలు వచ్చాక, ఫోటోతో పాటు స్థలం, తేదీ నమోదు చేసే వేదికలు వచ్చాక, ఏటా సెప్టెంబరులో దేశవ్యాప్తంగా సీతాకోకచిలుకలను లెక్కించే కార్యక్రమం 2020లో మొదలయ్యాక, పటాల మీద చుక్కలు ఎంతో పెరిగాయి. ఇది సంతోషించాల్సిన విషయం. అయితే చుక్కలు పెరిగితే జాతి విస్తరించినట్టే అనుకోకూడదు, చూసేవారు పెరిగారని కూడా అర్థం కావచ్చు.

స్థలం పేర్లతో వచ్చే చిక్కు మన దగ్గర మరీ ఎక్కువ. పాత జాబితాలో ‘తూర్పు గోదావరి జిల్లా’ అని ఉందనుకుందాం. అది మారేడుమిల్లి కొండల అడవి కావచ్చు, కోరంగి మడ అడవి కావచ్చు, అంతర్వేది దగ్గరి ఇసుక దిబ్బ కావచ్చు. ఆ రోజుల్లో అన్నీ ఒకే జిల్లా. 2022 ఏప్రిల్‌లో జిల్లాల విభజన తర్వాత కొండప్రాంతం అల్లూరి సీతారామరాజు జిల్లాకు, కోరంగి కాకినాడకు, అమలాపురం వైపు కోనసీమకు వెళ్లాయి. ఇప్పుడు పాత జాబితానూ కొత్త జాబితానూ పేరు చూసి పోల్చితే, ఎన్నడూ కొండ దిగని అడవి జాతి ‘తూర్పు గోదావరి నుంచి అదృశ్యమైంది’ అని తేలుతుంది. యానాం సంగతి ఇంకా విచిత్రం. గోదావరి పాయ గౌతమి ఒడ్డున, చుట్టూ ఆంధ్ర ఊళ్ల మధ్య ఉన్నా పాలన పరంగా పుదుచ్చేరిది. అక్కడ తీసిన ఫోటో రాష్ట్రాలవారీ లెక్కలో వందల కిలోమీటర్ల దూరంలోని పుదుచ్చేరి ఖాతాలో పడుతుంది. ఊరి పేరు, వీలైతే అక్షాంశ రేఖాంశాలు రాయమని పదేపదే చెప్పేది అందుకే.

ఇక ‘కనిపించలేదు’ అనే మాట. ఒక జాతి ఒక చోట ఉన్నప్పుడు కూడా ప్రతిసారీ కళ్లబడదు. ఐదుసార్లు వెళ్తే ఒకసారి కనిపించే రకం అనుకుందాం. వరుసగా ఐదుసార్లు వెళ్లినా అది కనిపించకపోయే అవకాశం దాదాపు మూడింట ఒక వంతు. అంటే ఐదు ఖాళీ సందర్శనలతో అది లేదని చెప్పలేం. అదే జాతి కోసం పదిహేనుసార్లు తిరిగితే ఆ అవకాశం నాలుగు శాతం లోపుకు పడిపోతుంది, అప్పుడు మాట్లాడవచ్చు. అందుకే చూసినవాటితో పాటు, వెళ్లి చూసి ఏమీ దొరకని రోజులనూ రాయాలి. ఆ ఖాళీ రోజులు లేని జాబితా ఎంత పొడవైనా మార్పును కొలవడానికి పనికిరాదు.

బ్రిటన్‌లో 1976 నుంచి నడుస్తున్న లెక్కింపు పద్ధతి చాలా సరళం. ఒకే దారిలో, ఒకే వేగంతో, అనుకూలమైన వాతావరణంలో నడుస్తూ, అటూ ఇటూ కలిపి ఐదు మీటర్ల వెడల్పులో కనిపించినవాటినే లెక్కపెడతారు. మన కాలువ గట్లు దీనికోసమే వేసినట్టుంటాయి. ఇక్కడ ఎండ తీవ్రతను బట్టి ఉదయం ఎనిమిది నుంచి పదకొండు మధ్య నడవడం మంచిది. సార్వా నీళ్లు వదిలినప్పుడు, దాళ్వాలో, వేసవిలో కాలువలు కట్టేసినప్పుడు గట్టు మీది పచ్చదనం పూర్తిగా మారిపోతుంది. మూడు కాలాల్లోనూ ఒకే అర కిలోమీటరు నడిచినవారి లెక్కకు, ఎక్కడెక్కడో తిరిగి తీసిన వెయ్యి ఫోటోల కన్నా విలువ ఎక్కువని నా అభిప్రాయం.

తుపాను తర్వాత చూసిన వింత జాతిని కూడా వెంటనే పటంలోకి ఎక్కించకూడదు. 1996 నవంబరు 6న కోనసీమను అతలాకుతలం చేసిన తుపాను కొబ్బరి చెట్లనే కూల్చింది. అలాంటి గాలి రెక్కలున్న పురుగును ఎంత దూరమైనా తెచ్చి పడేయగలదు. అలా వచ్చింది అతిథి. దాని గుడ్డో, గొంగళిపురుగో ఇక్కడి మొక్క మీద దొరికి, మరుసటి ఏడాది మళ్లీ కనిపిస్తే అప్పుడు నివాసి. డెల్టా సరిహద్దు దగ్గర, పాపికొండల వైపు నుంచి నది వెంట దిగే జాతుల విషయంలోనూ ఇదే కొలమానం. బ్లూ మార్మన్ ప్రధానంగా అడవి నీడను ఇష్టపడేదే అయినా, నిమ్మజాతి చెట్లున్న ముంబయి వంటి నగరాల తోటల్లోనూ తిరుగుతుంది. మన పంపరపనస చెట్టు మీద దాని గొంగళిపురుగు దొరికితే, పక్కనుంచి ఎగిరిపోయిన పెద్ద నీలి రెక్కల కన్నా అది వందరెట్లు బలమైన ఆధారం.

ప్రస్తుతానికి రావులపాలెం చుట్టుపక్కల అరటి రైతులు చూడాల్సింది ఒకటుంది. ఈశాన్య భారతానికి చెందిన బనానా స్కిప్పర్ అనే సీతాకోకచిలుక గత దశాబ్దంలో కేరళ, కర్ణాటక, తమిళనాడు అరటి తోటల్లో ఉధృతంగా కనిపించింది. దాని గొంగళిపురుగు ఆకును అంచు నుంచి కత్తిరించి, గొట్టంలా చుట్టుకుని లోపల ఉంటుంది. అరటి ఆకు చుట్ట కనిపిస్తే మందు కొట్టేముందు విప్పి చూడండి. పురుగు ఒంటి మీద తెల్లని పిండి చల్లినట్టుంటే అది బనానా స్కిప్పర్ అయ్యే అవకాశం ఉంది. పిండి కాకుండా మైనపు దారాల్లా పొడవైన తెల్లని పోగులు వేలాడుతుంటే అది జెయింట్ రెడ్‌ఐ, కొబ్బరి మీద కూడా పెరిగే మన పాత రకం. రెండింటి ఫోటోలూ, ఊరి పేరూ, తేదీ, ఏ రకం అరటో రాసి ఉంచితే, మొదటిది ఎప్పుడైనా డెల్టాలో అడుగుపెట్టినప్పుడు ఆ సంవత్సరాన్ని మనమే చెప్పగలుగుతాం.